పినియన్‌లో ఒక్క పన్ను

(రిమోట్ బగ్గీలు నడిపే ఒక అభిరుచి గల వ్యక్తి వరంగల్‌లో ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు ఒక వస్తువు మీ చేతికి ఇస్తున్నాను. ముందు వరుసలో ఉన్న తమ్ముడు తీసుకుని, వాసన చూసి, వెనక్కి పంపాలి. అది 540 సైజు మోటార్. 36 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న డబ్బా, ముందు సన్నని షాఫ్ట్. అసలు కారులో పదో వంతు సైజు ఉండే రిమోట్ బగ్గీల్లో, అంటే మట్టి నేల మీద పరుగెత్తే బొమ్మ కార్లలో, ఎక్కువగా ఈ సైజు మోటారే ఉంటుంది. ఇది నా చేతుల్లోనే కాలింది. ఇన్నేళ్ళూ డబ్బాలో మూత పెట్టి ఉంచాను కాబట్టి వార్నిష్ మాడిన వాసన ఇంకా పోలేదు.

ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా బాపుది హన్మకొండలో మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటార్లు, కూలర్ మోటార్లు, పిండి గిర్ని మోటార్లు వచ్చేవి. యాసంగి మొదలైతే షాపు ముందు కాలు పెట్టే చోటు ఉండేది కాదు. పర్కాల నుంచి, ములుగు నుంచి రైతులు కాలిపోయిన మోటార్లు ఆటోల్లో వేసుకొచ్చేవారు. నేను బడి అయిపోయాక అక్కడే కూర్చుని పాత తీగ విప్పేవాడిని. అందుకే ఈ రోజు బగ్గీ గురించి చెప్పమని పిలిచినా, నేను మోటార్ కాలడం దగ్గర మొదలుపెడుతున్నాను. మీలో చాలామంది బగ్గీ కొనగానే అడిగే మొదటి ప్రశ్న స్పీడ్ ఎట్లా పెంచాలని. ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న మొదటి జవాబు ఇప్పుడు మీ వరుసల్లో చేతులు మారుతోంది.

జరిగింది చెప్తాను. వెనక చక్రాలు తిరిగే టూ వీల్ డ్రైవ్ బగ్గీ కొన్నాను. మోటార్ షాఫ్ట్‌కు బిగించే చిన్న గేరును పినియన్ అంటాం. దానికి 22 పళ్ళు ఉన్నాయి. అది తిప్పే పెద్ద గేరు స్పర్. దానికి 87 పళ్ళు. పెద్ద పినియన్ వేస్తే స్పీడ్ వస్తుందని అమ్మినాయన చెప్పాడు. ఆ మాట అబద్ధం కాదు, సగమే. నేను 28 పళ్ళ పినియన్ తెప్పించి వేశాను. అదే రోజు చూడ్డానికి బాగున్నాయని పెద్ద టైర్లు కూడా వేశాను. ముందున్నవి 85 మిల్లీమీటర్లు, కొత్తవి 95. మే నెల, మధ్యాహ్నం, గడ్డి ఉన్న గ్రౌండ్. పది నిమిషాలు కూడా నడవలేదు. స్పీడ్ పెరగలేదు సరికదా, బగ్గీ ఈడ్చుకుంటూ పోయింది. తర్వాత ఆగింది. దగ్గరికి వెళ్తే ఈ వాసన.

ఇంటికి తెచ్చి బాపుకు చూపించాను. ఆయన రిమోట్ బండ్లను ఎన్నడూ ముట్టుకోలేదు. మోటార్ ముక్కు దగ్గర పెట్టుకుని ఒకటే అడిగాడు: “దీని మీద లోడు ఎంత పెట్టినవ్ రా?” నేను లోడు ఏమీ పెట్టలేదనుకున్నాను. బండి మీద ఇటుక పెట్టలేదు కదా. బాపు అడిగింది నాకు అర్థం కావడానికి కాగితం మీద లెక్క వేసుకోవాల్సి వచ్చింది.

ఆ లెక్క మీరూ వేయండి. పినియన్ 22 నుంచి 28కి వెళ్తే 27 శాతం పెరిగింది. టైరు 85 నుంచి 95కి వెళ్తే దాదాపు 12 శాతం. ఈ రెండూ కలపకూడదు, గుణించాలి. 1.27ను 1.12తో గుణిస్తే 1.42. అంటే బండిని నేల మీద అంతే బలంతో నెట్టడానికి మోటార్ ఇంతకు ముందు కంటే 42 శాతం ఎక్కువ తిప్పుడు బలం ఇవ్వాలి. ఈ మోటార్లలో తిప్పుడు బలం కరెంటును బట్టి వస్తుంది. కరెంటు 42 శాతం పెరిగింది. తీగలో పుట్టే వేడి మాత్రం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 1.42ను 1.42తో గుణించండి. రెండు దాటింది. వేడి రెట్టింపయింది. నేను మార్చినవి రెండే వస్తువులు, రెండూ పెట్టెలోంచి తీసి బిగించినవే. బండి మీద ఇటుక పెట్టకుండానే ఇంత లోడు పెట్టాను.

బోరు మోటార్ ఎందుకు కాలుతుందో ఈ ప్రాంతంలో వేరే చెప్పక్కర్లేదు. వోల్టేజీ తగ్గుతుంది. మోటార్ తన చుట్లు అందుకోలేక నెమ్మదిస్తుంది. పైకి లాగాల్సిన నీళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి. నెమ్మదించిన మోటార్ ఎక్కువ కరెంటు గుంజుతుంది, వైండింగ్ మాడుతుంది. బగ్గీ మోటార్ రకం వేరు. ఇది డీసీ, అది ఏసీ. కానీ మోటార్‌ను తన చుట్లు అందుకోనివ్వకుండా పట్టి ఆపితే జరిగేది అదే.

డీసీ మోటార్‌లో దీని కారణం ఇంకా తేటగా కనిపిస్తుంది. తిరుగుతున్న మోటార్ తానే ఒక జనరేటర్. బ్యాటరీ ఇచ్చే వోల్టేజీకి ఎదురుగా తనూ కొంత వోల్టేజీ పుట్టిస్తుంది. ఎంత వేగంగా తిరిగితే ఎదురు అంత ఎక్కువ, లోపలికి వచ్చే కరెంటు అంత తక్కువ. నిండు వేగం మీద ఉన్న మోటార్ కొద్ది కరెంటుతోనే నడుస్తుంది. రిమోట్ మీది ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి పట్టుకుని, బండి మాత్రం మెల్లగా ఈడుస్తుంటే ఆ ఎదురు దాదాపు ఉండదు. బ్యాటరీకీ కరిగిపోవడానికి సిద్ధంగా ఉన్న తీగకూ మధ్య ఆ తీగ నిరోధం తప్ప పెద్దగా మరేమీ లేదు. మీ చేతుల్లో ఉన్న ట్రిగ్గర్‌కు ఈ సంగతి తెలియదు. గేరుకు తెలుసు. మోటార్‌ను తన వేగం మీద ఉంచే పని గేరుది.

గేరు అంటే ఏమిటో పాత సైకిల్‌తో చెప్తాను. మనం తొక్కిన నల్లటి పెద్ద సైకిళ్ళకు పెడల్ దగ్గర 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉండటం మామూలు. ఒక్క తొక్కుడుకు వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు. మనిషి కాలు మెల్లగా తిరుగుతుంది, బలం ఎక్కువ. అందుకని పెద్ద దాంతో చిన్నదాన్ని తిప్పుతాం. చిన్న కరెంటు మోటార్ దానికి పూర్తిగా తలకిందులు. బలం తక్కువ, వేగం చాలా ఎక్కువ. అందుకే చిన్న పినియన్‌తో పెద్ద స్పర్‌ను తిప్పుతాం.

ఇంతటితో అయిపోదు. స్పర్ తర్వాత గేరు పెట్టెలో ఇంకో తగ్గింపు ఉంటుంది. అది బండి తయారు చేసినవాళ్ళు పెట్టింది, మనం మార్చేది కాదు. టీమ్ అసోసియేటెడ్ ఆర్‌సీ10 బీ4 బగ్గీలో అది 2.60. ట్రాక్సాస్ వాళ్ళ మాగ్నమ్ 272 గేరు పెట్టెలో 2.72, పేరులోనే రాసి ఉంది. మీ బండి కాగితాల్లో ఈ అంకె వెతికి పెట్టుకోండి. అది లేకుండా ఫలానా బండికి 25 పళ్ళు వేశారట, నాకూ అదే కావాలని అడగడం మందు చీటీ పక్కింటివాళ్ళది తెచ్చుకున్నట్టే.

లెక్క ఇట్లా ఉంటుంది. 87ను 22తో భాగిస్తే 3.95. దాన్ని 2.60తో గుణిస్తే 10.28. మోటార్ పది చుట్లకు కొంచెం పైగా తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. దీన్ని ఫైనల్ డ్రైవ్ రేషియో అంటారు. అంకె పెరిగితే బలం, తగ్గితే వేగం. ఇప్పుడు 3500 కేవీ బ్రష్‌లెస్ మోటార్, అంటే లోపల కార్బన్ బ్రష్‌లు లేని మోటార్ అనుకోండి. కేవీ అంటే కిలోవోల్ట్ అని ఈ మధ్య ఒక తమ్ముడు అనుకున్నాడు. అది కాదు, ఒక్క వోల్టుకు నిమిషానికి ఇన్ని చుట్లు అని. రెండు సెల్స్ లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ 7.4 వోల్టులు. గుణిస్తే 25,900 చుట్లు. 10.28తో భాగిస్తే చక్రానికి 2,519 చుట్లు. 85 మిల్లీమీటర్ల టైరు ఒక చుట్టుకు 267 మిల్లీమీటర్లు పోతుంది. నిమిషానికి 673 మీటర్లు, గంటకు దాదాపు 40 కిలోమీటర్లు. నేల మీద ఇంతకంటే తక్కువే వస్తుంది, ఎందుకంటే ఇది లోడు లేని మోటార్ లెక్క.

40 అంటే తక్కువ అనిపించిందా? ఆ మొహాలు నాకు కనిపిస్తున్నాయి. గంటకు 40 అంటే సెకనుకు 11 మీటర్లు. మనం ఆదివారం పొద్దున నడిపేది ఊరి బయట ప్లాట్లు చేసి వదిలేసిన వెంచర్లలో. అక్కడ తిన్నగా పోయే దారి 25 మీటర్లు దొరికితే గొప్ప. ఆ దారి రెండు సెకన్లలో అయిపోతుంది, మూల వచ్చేస్తుంది. 60 స్పీడ్‌కు గేరు వేసిన బండి అక్కడ 60ని ఎన్నడూ చూడదు. ప్రతి మూల దగ్గరా ఆగి, మళ్ళీ కింది నుంచి లేచి, సగం వేగానికి వచ్చేసరికి ఇంకో మూల. అంటే మోటార్ జీవితమంతా ఆ ఎదురు వోల్టేజీ తక్కువ ఉన్న చోటే గడుస్తుంది.

నేను పాటించే పద్ధతి ఇది. మన ట్రాక్‌లో అన్నిటికంటే పొడుగు దారి చివరికి వచ్చేసరికి మోటార్ తన నిండు వేగాన్ని అప్పుడే అందుకోవాలి. చాలా ముందే అందుకుంటే ఒక పన్ను పెంచండి. అసలు అందుకోకపోతే తగ్గించండి. ఇది తెలుసుకోవడానికి మీటరు అక్కర్లేదు, చెవి చాలు. మోటార్ కూత పైకి పైకి పోతూ ఒక చోట నిలబడుతుంది. ఆ నిలబడటం దారి చివర్లో వినిపించాలి. బాపు మోటార్ ఆన్ చేసి, కళ్ళు మూసుకుని, బేరింగా, వైండింగా చెప్పేవాడు. ఆ చెవి నాకు పూర్తిగా రాలేదు. కానీ ఈ కూత నిలబడే చోటు మీరు నాలుగు ఆదివారాల్లో పట్టుకోగలరు.

ఇక నేల. గేరు గురించి రాసే విదేశీ లెక్కలన్నీ గట్టి మట్టి ట్రాక్‌కో, కార్పెట్‌కో వేసినవి. మన దగ్గర చల్క ఉంది, రేగడి ఉంది, మొరం ఉంది. ఎర్ర చల్క మీద పైన సన్నని ఇసుక పొర ఉంటుంది, చక్రం కొంచెం జారుతుంది. బగ్గీకి అది మంచి నేల. జారడం వల్ల మోటార్‌కు ఊపిరి దొరుకుతుంది. మొరం మీద పట్టు ఎక్కువ, కానీ టైర్ల పిన్నులు నెలలో అరిగిపోతాయి. రేగడి ఎండాకాలం నెర్రెలు బారుతుంది, ముందు చక్రం ఆ నెర్రెలో పడితే స్టీరింగ్ ఆర్మ్ విరుగుతుంది. వాన పడ్డాక రేగడిలోకి బగ్గీని దింపొద్దని గట్టిగా చెప్తున్నాను. మట్టి టైరుకు అంటుకుని, టైరు లావై, బరువై, నేను పెద్ద టైర్లు వేసి చేసిన తప్పును నేలే చేసి పెడుతుంది. కరిగెట చేసే ట్రాక్టర్‌ను చూడండి. ఇనుప చక్రాలు వేసి, కింది గేరులో మెల్లగా పోతుంది. టాప్ గేరులో కరిగెట దున్నే డ్రైవర్ ఎవరూ లేరు. గడ్డి మీద, బురదలో, వదులు ఇసుకలో నడపాల్సి వస్తే ట్రాక్టర్ డ్రైవర్‌లా ఆలోచించండి. నేను గడ్డి గ్రౌండ్‌కు వెళ్తున్నానంటే 22 తీసి 19 వేసుకుని వెళ్తాను.

నేలతో పాటు ఎండ. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు చాలా బాధ. మోటార్ చుట్టూ ఉన్న గాలి కంటే ఎంత వేడెక్కుతుందన్నది గేరు నిర్ణయిస్తుంది. ఒక గేరుతో 45 డిగ్రీలు పెరుగుతుందనుకోండి. డిసెంబర్ పొద్దున 20 డిగ్రీల చలిలో మోటార్ 65 దగ్గర ఆగుతుంది, హాయిగా ఉంటుంది. మే నెలలో 43 డిగ్రీల ఎండలో అదే గేరు, అదే బండి, 88. నేను 80ని గీతగా పెట్టుకున్నాను. బ్రష్‌లెస్ మోటార్ల లోపల నియోడిమియం అయస్కాంతాలు ఉంటాయి. వాటిలో సాధారణ రకాలు 80 దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది. చల్లారినా ఆ పోయిన బలం పూర్తిగా తిరిగి రాదు. బలం తగ్గిన అయస్కాంతం ఎదురు వోల్టేజీ తక్కువ పుట్టిస్తుంది, కరెంటు ఇంకా పెరుగుతుంది. రాగి తీగ కూడా వేడెక్కితే నిరోధం పెంచుకుంటుంది. 50 డిగ్రీలకు దాదాపు 20 శాతం. అంటే వేడి మీద వేడి. అందుకే ఉగాది దాటాక నా బండిలో పినియన్ రెండు పళ్ళు తగ్గుతుంది. దసరా తర్వాత మళ్ళీ పెరుగుతుంది.

వేడి కొలవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొనండి. కరోనా రోజుల్లో ఇంటింటికీ వచ్చిన నుదుటి థర్మామీటర్ పనికిరాదు. అది మనిషి జ్వరం కోసం చేసింది, 43 డిగ్రీల దగ్గరే దాని కొలత అయిపోతుంది. పరిశ్రమల్లో వాడే రకం కావాలి. ఇంకొక జాగ్రత్త. మెరిసే లోహం మీద ఆ థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది. 80 ఉన్నా 50 అంటుంది, మనం నమ్మి నడుపుతాం. మోటార్ డబ్బా మీద నల్లటి ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి, దాని మీదే గురి పెట్టండి. కొత్త పినియన్ వేసిన రోజు మూడు నిమిషాలు నడిపి ఆపండి, కొలవండి. మళ్ళీ మూడు నిమిషాలు. రెండు కొలతల మధ్య ఎంత పెరిగిందో చూస్తే పది నిమిషాలకు ఎక్కడికి పోతుందో ముందే తెలుస్తుంది. నేను ఆ మూడు నిమిషాలు ఆగి ఉంటే ఈ మోటార్ ఇంకా నడుస్తుండేది.

ఇప్పుడు అప్‌గ్రేడ్‌ల సంగతి. చాలామంది ముందు మోటార్ కొంటారు. నా మాట వినండి, దాన్ని చివరికి పెట్టండి. మొదట బేరింగులు. తక్కువ ధర కిట్లలో చక్రాల దగ్గర, గేరు పెట్టెలో ప్లాస్టిక్ బుష్‌లో, ఇత్తడి బుష్‌లో ఉంటాయి. అవి అరిగి, షాఫ్ట్ ఊగి, గేరు పళ్ళు సరిగ్గా కలవవు. పైగా మన దుమ్ము వాటిలోకి పోయి ఉప్పుకాగితంలా పని చేస్తుంది. వాటి చోట బాల్ బేరింగులు వేస్తే బండి చేత్తో నెట్టినప్పుడే తేడా తెలుస్తుంది. చాలా బగ్గీలకు 5 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 11 బయటి వ్యాసం, 4 మందం ఉన్నవి కావాలి. వాటి నంబర్ ఎంఆర్115. వరంగల్ బేరింగ్ షాపుల్లో 6203, 6204 అడిగితే నిమిషంలో ఇస్తారు, అవి పంపు మోటార్లవి. చిన్నవి చెప్పి తెప్పించుకోవాలి. రెండు వైపులా రబ్బరు మూత ఉన్నవి, అంటే 2ఆర్ఎస్ అని రాసి ఉన్నవి అడగండి. రేకు మూత ఉన్నవి కొంచెం తేలికగా తిరుగుతాయి, కానీ చల్క దుమ్ముకు ఆగవు.

బేరింగుల తర్వాత పినియన్లు. మోటార్ కాదు, పినియన్లు. ఒక మోటార్ డబ్బులో కొంత పెడితే వరసగా ఐదారు పినియన్లు వస్తాయి. 19 నుంచి 24 దాకా ఉంటే ఏ గ్రౌండ్‌కైనా, ఏ నెలకైనా సరిపోతాయి. 22 నుంచి 23కు పోతే తేడా నాలుగున్నర శాతం. ఒక్కొక్క పన్నే మార్చండి. ఉక్కువి కొనండి. అల్యూమినియం పినియన్ మన దుమ్ములో త్వరగా అరిగి, పళ్ళు కత్తి మొనల్లా తయారై స్పర్‌ను తినేస్తాయి. కొనేటప్పుడు పన్ను సైజు తప్పకుండా చూడాలి. దాన్ని పిచ్ అనో మాడ్యూల్ అనో రాస్తారు. 48 పిచ్ ఉంటుంది, 32 పిచ్ ఉంటుంది, టామియా వాళ్ళ చాలా బండ్లకు 0.6 మాడ్యూల్ ఉంటుంది. 48 పిచ్‌ను మాడ్యూల్‌లోకి మారిస్తే 0.53 వస్తుంది. 0.6కు దగ్గరగా కనిపిస్తుంది, చేత్తో తిప్పితే కలిసినట్టే తిరుగుతుంది, గ్రౌండ్‌లో అరగంటలో పళ్ళు రాలతాయి.

పళ్ళ సంఖ్యలో ఇంకో చక్కటి సంగతి ఉంది. 88కి 22 సరిగ్గా నాలుగు రెట్లు. అట్లాంటి జంటలో పినియన్‌లోని ఒక పన్ను స్పర్‌లోని అవే నాలుగు పళ్ళను ఎప్పటికీ కొడుతుంది. ఒక పన్నుకు చిన్న గాటు ఉంటే ఆ నాలుగూ పోతాయి. 87కు, 22కు ఉమ్మడి భాజకం లేదు. అందుకని ప్రతి పన్నూ అవతలి పళ్ళన్నిటినీ వరసగా కలుస్తుంది, అరుగుదల సమంగా పంచుకుంటాయి. మీరు ఆరో తరగతిలో నేర్చుకున్న గరిష్ట సామాన్య భాజకం ఇక్కడ ఇంత పని చేస్తోంది. నాకు ఇది తెలిసిన రోజు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

ప్లాస్టిక్ స్పర్ తీసి ఉక్కు స్పర్ వేయమంటారా అని చాలామంది అడుగుతారు. వద్దు. మోటార్ స్టార్టర్ డబ్బాలో ఫ్యూజు కాలిపోతోందని మందపాటి రాగి తీగ చుట్టేవాళ్ళను బాపు తిట్టేవాడు. తీగ కాలలేదు, మోటార్ కాలింది. ప్లాస్టిక్ స్పర్ కూడా ఫ్యూజే. రాయి అడ్డుపడితే ముందు అది పోవాలి. అది పోకపోతే వెనక రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ పోతుంది, దాని ధర చాలా ఎక్కువ.

గేర్లు బిగించడం ఇప్పుడు చూపిస్తాను. దగ్గరికి రండి. మోటార్ షాఫ్ట్ మీద ఒక పక్క చదునుగా ఉంది చూడండి. పినియన్‌లోని చిన్న గ్రబ్ స్క్రూ సరిగ్గా ఆ చదును మీదే కూర్చోవాలి. గుండ్రటి వైపు బిగిస్తే ఎంత బిగించినా జారుతుంది. ఈ స్క్రూకు 1.5 మిల్లీమీటర్ల అలెన్ కీ కావాలి. మంచిది కొనండి. అరిగిన కీతో తిప్పితే స్క్రూ తల గుండ్రమై, పినియన్ ఇక బయటికి రాదు. లోహంలోకి పోయే స్క్రూలకు నీలం రంగు థ్రెడ్‌లాక్ ఒక్క చుక్క. ప్లాస్టిక్ దగ్గర వేయకండి, కొన్ని రకాల ప్లాస్టిక్ దాంతో పగుళ్ళు పడుతుంది.

ఇప్పుడు నోటు పుస్తకంలోంచి కాగితం చీల్చి, సన్నని పట్టీ చేసి, రెండు గేర్ల మధ్య పెట్టి తిప్పుతున్నాను. మోటార్‌ను స్పర్ వైపు నొక్కి పట్టుకుని స్క్రూలు బిగించాలి. తర్వాత కాగితాన్ని తిప్పి బయటికి తీయాలి. కాగితం మీద మడతలు పడాలి, చిరగకూడదు. చిరిగిందంటే గేర్లు మరీ దగ్గరయ్యాయి. మడత సరిగ్గా లేదంటే దూరమయ్యాయి. ఇప్పుడు స్పర్‌ను వేలితో కదిపితే టిక్ టిక్ అని చిన్న ఆట ఉండాలి. ఒక్క చోట కాదు, స్పర్‌ను పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. ప్లాస్టిక్ స్పర్ పూర్తి గుండ్రంగా ఉండదు. బిగుసుగా ఉన్న చోటును లెక్కలోకి తీసుకోవాలి.

(ప్రశ్న: సార్, రెండు సెల్స్ బదులు మూడు సెల్స్ బ్యాటరీ వేస్తే గేరు మార్చకుండానే స్పీడ్ వస్తుంది కదా?)

వస్తుంది తమ్ముడూ. 11.1 వోల్టులతో ఇందాకటి లెక్క 60 చూపిస్తుంది. కానీ ముందు మీ ఈఎస్‌సీ మీద, అంటే మోటార్ వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ పెట్టె మీద, మూడు సెల్స్ అని రాసి ఉందో లేదో చూడు. రాసి లేకపోతే ఈ మాట ఇక్కడితో ఆపేద్దాం. రాసి ఉంటే, అదే వేగంలో ఉంచడానికి పినియన్ 22 నుంచి 15కు దించాలి. అంత చిన్న పినియన్ పళ్ళు త్వరగా పోతాయి. మూడు సెల్స్ మీదే నడపాలని ఉంటే కేవీ తక్కువ ఉన్న మోటార్ తీసుకోవడం సరైన దారి. లైపో గురించి ఒక్క మాట మాత్రం అందరూ గుర్తు పెట్టుకోండి. నిండుగా సెల్‌కు 4.2 వోల్టులు, 3.0 కిందికి పోనివ్వకూడదు, వారం రోజులు వాడకపోతే 3.8 దగ్గర ఉంచాలి. బ్యాలెన్స్ చార్జర్ మీదే పెట్టాలి, పెట్టి పడుకోకూడదు. ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో ఉంచకండి. మోటార్ కాలితే వాసన వస్తుంది, లైపో కాలితే ఇల్లు కాలుతుంది.

(ప్రశ్న: ర్యాంప్ మీద నుంచి దూకిన ప్రతిసారీ మా బండి స్పర్ పోతోంది సార్. కాగితం పెట్టే బిగించాం.)

అడిగిన చెల్లెలు గాలిలో ట్రిగ్గర్ నొక్కే పట్టుకుంటోందా? అవునా. అదే కారణం. గాలిలో చక్రాలకు అడ్డు లేదు, నిండు వేగానికి పోతాయి. నేల తాకగానే ఆ వేగం ఒక్కసారిగా ఆగాలి. ఆ దెబ్బ మొత్తం స్పర్ పళ్ళ మీదే పడుతుంది. నేల తాకే ముందు ట్రిగ్గర్ వదిలేయి, తాకాక మళ్ళీ నొక్కు. ముక్కు పైకి లేస్తుంటే గాలిలో కొంచెం బ్రేక్ వేస్తే ముక్కు దిగుతుంది. దిగుతుంటే కొంచెం ట్రిగ్గర్ నొక్కితే లేస్తుంది. అది సాధనతో వస్తుంది. ఇంకొకటి, స్పర్ పక్కన ఉన్న స్లిప్పర్ క్లచ్ నట్టు పూర్తిగా బిగించి ఉందేమో చూడు. అది ఇట్లాంటి దెబ్బకే కొంచెం జారాలి. ఆగి ఉన్న బండిని ఒక్కసారి నిండుగా నొక్కితే మొదటి ఒకటి రెండు అడుగులు సన్నగా జారిన శబ్దం వినిపించేంత వదులు పెట్టు. అంతకంటే వదిలితే క్లచ్ ప్యాడ్‌ల వేడికే స్పర్ మధ్యలో కరుగుతుంది.

(ప్రశ్న: బ్రష్ మోటార్ తీసి బ్రష్‌లెస్ వేయాలా, ఉన్నదాన్నే వాడాలా?)

ఉన్నదాన్నే ఒక ఏడాది వాడు. మంచి మోటార్ వద్దని కాదు. బ్రష్ మోటార్‌లో నువ్వు చేసిన తప్పు తొందరగా కనిపిస్తుంది, తక్కువ ధరలో నేర్చుకుంటావు. దాని మీద 17 టర్న్ అనో 27 టర్న్ అనో రాసి ఉంటే అది లోపల తీగ ఎన్ని చుట్లు చుట్టారన్న లెక్క. చుట్లు తగ్గితే తీగ మందం అవుతుంది, వేగం పెరుగుతుంది, కరెంటు ఎక్కువ గుంజుతుంది, దానికి చిన్న పినియన్ కావాలి. 27 నుంచి 17కు మారి పాత పినియనే ఉంచినవాళ్ళ మోటార్లు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటాయి. ఏడాది తర్వాత బ్రష్‌లెస్ వేసేటప్పుడు, మెల్లగా పోయేటప్పుడు తడబడకూడదనుకుంటే సెన్సార్ వైరు ఉన్న రకం చూడు.

కాలిన మోటార్ చివరి వరుస దాకా వెళ్ళిందా? సరే, తిరిగి ఇక్కడికి ఇవ్వండి. ఎండ ఎక్కుతోంది, బయటికి వెళ్దాం. హాస్టల్ వెనక నేల చల్కే, నేను పొద్దున చూసొచ్చాను, తిన్నగా పోయే దారి 20 మీటర్లు ఉంది. 20 పళ్ళ పినియన్ బిగించి ఉంది, టేప్ అంటించి ఉంది. థర్మామీటర్ ఒకరు పట్టుకోండి, ఒకరు గడియారం చూడండి. చెల్లెమ్మా, స్పర్ పోతోందని అడిగావు కదా, మొదటి మూడు నిమిషాలు నువ్వు నడుపు.